జానెడున్నర లారీ!

జొన్నదంటు బాడీ.. చెప్పుల చక్రాలు.. తుమ్మముల్లు చీలలు
సరిహద్దు పల్లెల్లో ఓ తరం సొంతంగా కట్టుకున్న బండ్ల కథ

పావగడ: తెగిపోయిన హవాయి చెప్పు పెద్దోళ్లకు పనికిరాని వస్తువు. పిల్లోళ్లకు మాత్రం అది మూడు చక్రాలు. జత దొరికిందా, ఆరు. ఆరు చక్రాలంటే ఇక చెప్పేదేముంది.. లారీ! పావగడ తాలూకా వల్లూరు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు నలభై, యాభై దాటినవాళ్ల చిన్నతనపు లెక్క ఇది. అంగట్లో కొన్న కారుబొమ్మ చాలా ఇళ్లకు తెలియని రోజులవి. నాగలమడికె సుబ్బరాయుడి జాతరలో రంగురంగుల బొమ్మలు కనబడినా చూసి రావడమే గానీ చేతికొచ్చేది తక్కువ. కావాలంటే చేసుకోవాల్సిందే. చేసుకున్నారు కూడా. లారీలు, బస్సులు, జీపులు, ట్రాక్టర్లు.. ఊరి మీదుగా ఏ బండి పోతే ఆ బండి నాలుగు రోజుల్లో చిన్నదై ఏ అరుగు మీదనో ప్రత్యక్షమయ్యేది.

ఇప్పుడు వెతికితే ఆ బండ్లు కనిపించవు. ఆ దంట్లు పండిన చేలూ చాలావరకు లేవు. వల్లూరు పొలాల్లో సోలార్ పలకలు పరుచుకున్నాయి. మిగిలినవి ఆ బండ్లు కట్టిన చేతులు మాత్రమే.

వామిలోంచి లారీ

కథ జొన్నకోతలతో మొదలయ్యేది. కంకులు కోసుకున్నాక చొప్పను కట్టలు కట్టి వామి వేసేవారు. పెద్దోళ్లకు అది పశువుల మేత. పిల్లోళ్ల కంటికి కలప డిపో. పురుగు పట్టనిది, బొటనవేలంత లావున్నది, కణుపుకూ కణుపుకూ మధ్య ఎడం ఎక్కువున్నది చూసి దంటు లాగేవారు. వామి వదులైపోతుందని ఇంట్లో తిట్లు తప్పేవి కావు. "ఎనుములు తినేదాన్ని ఎత్కపోతివి కదరా!" అని జేజి కట్టె పట్టుకొని వెంటబడితే దంట్లు చంకన పెట్టుకొని పరుగే పరుగు.

దంటు పైపెచ్చు గట్టిది. పంటితో కొస పట్టి లాగితే నిలువునా ఈనెలుగా ఊడొస్తుంది. లోపల తెల్లటి బెండు ఉంటుంది. ఈనె అంచు బ్లేడుకు తీసిపోదు. పెదవో వేలో తెగకుండా బండి పూర్తయ్యేది కాదు. తెగినచోట గాయపాకు రసం పిండుకోవడం, మళ్లీ పనిలో పడటం. బెండును కావలసిన కొలతకు తుంచి, ఈనెను మేకులా గుచ్చితే రెండు ముక్కలు కలిసిపోయేవి. జిగురు లేదు, ఇనుము లేదు. దంటే చెక్క, దంటే మేకు!

మొదట నేర్చుకునేది ఎద్దులబండి. నొగలు, కాడి, ఇరుసు.. ఇవన్నీ సులువే. చక్రం చుట్టడంలోనే ఉంది అసలు కష్టం. పొడుగాటి ఈనెను వంచి గుండ్రంగా కట్టాలి. మధ్యలో బెండు ముక్కను కుండగా పెట్టాలి. కుండ నుంచి చుట్టూ ఆకులు గుచ్చాలి. ఒక్క ఆకు పొట్టిదైనా చక్రం కుంటుతుంది. ఊళ్లో వడ్రంగి బండిచక్రం బిగించేటప్పుడు పక్కన గొంతుక్కూర్చొని చూసినోడికే అది పట్టుబడేది. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర తుమ్మముల్లు గుచ్చేవారు. అదే కడచీల.

ఎద్దులబండి వచ్చేసిందంటే ఒకటో తరగతి పాసైనట్టే. ఆ తర్వాత మోటారు బండ్లు.

చెప్పుల్లేని కాళ్లు.. చెప్పుల చక్రాలు

మోటారు బండికి దంటు చక్రం పనికిరాదు. బరువు మోయదు. అక్కడే హవాయి చెప్పు రంగంలోకి దిగింది. చెప్పు మీద గుండ్రటి డబ్బా మూత బోర్లించి పెన్సిలుతో గీసుకొని, సగం బ్లేడుతో కోసేవారు. మధ్యలో రంధ్రం పెట్టాలంటే మేకును పొయ్యిలో కాల్చి దించాలి. రబ్బరు కాలిన ఆ వాసన ఇంట్లోవాళ్లకు ఇట్టే దొరికిపోయేది. ఇరుసుకు సైకిలు పుల్ల గానీ, విరిగిన గొడుగు కడ్డీ గానీ.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో కాళ్లకు చెప్పులే లేని పిల్లోళ్లు ఎంతోమంది. చెప్పులున్న ఇళ్లలోనూ పిన్నీసు పెట్టి, తీగ చుట్టి, మడమ దగ్గర కాగితంలా అరిగిపోయేదాకా తొడిగేవారు. అలా పూర్తిగా అరిగినది చక్రానికి రాదు. కొంచెం మందం మిగిలి ఉండగానే తెగాలి. అలాంటిది దొరకడం అదృష్టం. ఉట్టికాళ్లతో తిరిగే పిల్లోడు చెప్పుల చక్రాల లారీని నడిపించడం పల్లెల్లో మామూలు దృశ్యం. చక్రాలకు మారకం కూడా ఉండేది. గోలీలు, చింతపిక్కలు, అగ్గిపెట్టె పటాలు.. వీటితో చక్రాలు చేతులు మారేవి. లారీ కట్టాలని మొదలుపెట్టి నాలుగు చక్రాలే దొరికి జీపుతో సరిపెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

జీపు సులువు. అన్నీ నిలువు గీతలు, అడ్డగీతలు. నాలుగు దంట్లు, అట్టముక్క చాలు. ఎన్నికల కాలంలో అయితే దాని నెత్తిన ఉమ్మెత్తపువ్వు గుచ్చితే అదే మైకు! లారీ కూడా పెట్టె మీద పెట్టె లాంటిదే కాబట్టి ఓపికుంటే వచ్చేది. అంబాసిడర్ మాత్రం ఎవరికీ లొంగేది కాదు. ముందు గుండ్రం, వెనుక గుండ్రం, చక్రాల పైన మళ్లీ గుండ్రం. బెండు వంగదు, విరుగుతుంది. 1957లో మొదలై 2014లో ఆగిపోయిన ఆ కారును దేశమంతా ఎక్కింది గానీ, దంట్లతో కట్టడం మాత్రం తలకు మించిన పనే. ఎండిన కిత్తలి బొంగును చాకుతో చెక్కి ఆ వంపులు తెచ్చినవాడు దొరికితే వీధిలో వాడిని మించిన మొనగాడు లేడు.

బస్సుకు మందుల అంగడి అట్టపెట్టె. కిటికీలు కోసి, వెనకాల ఈనెలతో నిచ్చెన, పైన సామాన్ల క్యారియరు. ఎరుపు కావాలంటే ఎర్రమట్టి కలిపి పూయడం. టార్చిలైటు బల్బు ముందర అమర్చి, చార్జింగు అయిపోవచ్చిన సెల్లు కింద కట్టి, చీకట్లో ఆ మినుకు మినుకు వెలుగుతో బండిని వీధంతా తిప్పితే ఆ రాత్రికి నిద్ర పట్టేదే కాదు.

ఆడపిల్లలకు ఈ ఆటలో చోటు తక్కువ. లారీలోకి ఎత్తే శెనక్కాయ మూటలు కుట్టడానికి మాత్రం వాళ్లు కావాలి. పాతబట్ట పేలికల్లో ఇసుక పోసి, నోరు కుట్టి, అచ్చం మండీకి పోయే మూటల్లా చేసిచ్చేవారు. బండి నడిపే వంతు వచ్చేసరికి మగపిల్లోళ్లదే పెత్తనం. పాత ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

లెక్క తప్పలేదు

ఇంతకూ ఈ బండ్లకు కొలతలు ఎక్కడివి? స్కేలు బడిసంచీలో ఉండేది, బండి దగ్గరికి వచ్చేది కాదు. జాన, బెత్తెడు, వేలు.. ఇవే కొలతలు. లారీ ఎంత పొడుగుండాలి అంటే "జానెడున్నర" అని జవాబు. అంతకన్నా పొట్టిదైతే "బుడ్డ లారీ" అని నవ్వేవారు. పొడుగైతే మధ్యలో కుంగిపోయేది.

కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చెప్పులోంచి తీసిన చక్రం అడ్డంగా సుమారు రెండు అంగుళాలు. అప్పటి లారీ టైరు ఎత్తు సుమారు నలభై అంగుళాలు. అంటే ఇరవయ్యో వంతు. మామూలు రెండు ఇరుసుల లారీ ఇరవై మూడు, ఇరవై నాలుగు అడుగుల పొడుగు. అందులో ఇరవయ్యో వంతు తీస్తే పద్నాలుగు అంగుళాలకు అటూ ఇటూ. జానెడున్నర అంటే పదమూడున్నర! చక్రానికీ బాడీకీ నిష్పత్తి దాదాపుగా కుదిరిపోయింది. భిన్నాలు రాక బడిలో బెత్తం దెబ్బలు తిన్న పిల్లోడు, ఇంటికొచ్చి ఒకటి బై ఇరవై నిష్పత్తిలో లారీ కట్టాడన్నమాట.

కళ్లతో కొలవడమే ఇందులోని రహస్యం. ఊళ్లో లారీ ఆగితే చాలు, చుట్టూ మూగేవారు. వెనుక జంట చక్రాలు ఎక్కడున్నాయి, ముందు చక్రం డ్రైవరు తలుపుకు ఎంత దూరం, డీజిలు ట్యాంకు ఏ పక్క, స్టెప్నీ ఎక్కడ వేలాడుతోంది.. అన్నీ చూసి మనసులో గీసుకునేవారు. నంబరు ప్లేటూ మరిచేవారు కాదు. 1989 తర్వాత కొత్త నంబర్లు వచ్చాక కేఏ 06 అంటే తుమకూరు బండి, ఏపీ 02 అంటే అనంతపురం బండి. సరిహద్దు పిల్లోడికి ఈ రెండూ సొంతమే. వాడి లారీకి ముందర ఒక నంబరు, వెనక ఒక నంబరు రాసినా తప్పు పట్టేవాడు లేడు. (2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త బండ్లన్నిటికీ ఏపీ 39 వరస వచ్చింది. నంబరు చూసి ఊరు చెప్పే ముచ్చట అక్కడ తీరిపోయింది.)

బండి ఒక్కటే మాట

పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా చుట్టూ దాదాపు అంతా ఆంధ్రప్రదేశే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. పలక మీద ఒక లిపి, జేజి కథల్లో ఇంకో భాష. కానీ ఈ ఆట కాడికి వచ్చేసరికి తేడా చెరిగిపోతుంది. తెలుగులో బండి, కన్నడంలోనూ బండే. మనకు దంటు, వాళ్లకూ దంటే. బెండు కూడా అంతే. చక్రం సంగతి చెప్పనక్కర్లేదు. రెండు ఇళ్ల పిల్లోళ్లు రెండు భాషల్లో మాట్లాడుకుంటూ ఒకే లారీ కట్టవచ్చు, ఒక్క మాటకూ అర్థం అడగాల్సిన పని రాదు.

అట్టపెట్టె బస్సుకు ముందు అద్దంపైన బోర్డు ఉండాలి. పావగడ–హిందూపురం. ముందర కన్నడంలో, వెనకాల తెలుగులో. తెలుగు అక్షరాలు బడిలో నేర్పరు కాబట్టి సినిమా వాల్‌పోస్టర్లు చూసి గీసుకునేవారు. అందుకే ఆ బోర్డుల్లో తలకట్లు ఒక్కోసారి కన్నడానికి దగ్గరగా ఉండేవి!

ఆట నడిచేది చెరువుకట్ట మీద, ఇసుక వంకలో. బారెడు కట్టెకు బండిని కట్టి, కట్టె పైకొసకు తీగతో స్టీరింగు చుట్టి, నోటితో ఇంజను మోగిస్తూ పోవాలి. గేరు మార్చినప్పుడు గొంతు మారాలి. "రేయ్, సైడియ్‌రా.. లోడు బండి!" అని కేకలు. మధ్యలో దారికి అడ్డంగా ఓ పుల్ల పడుకునేది. అది చెక్‌పోస్టు! రెండు చింతపిక్కలు చెల్లిస్తే పుల్ల లేచేది. లేదంటే మూటలు దించి చూపించాల్సిందే. సరిహద్దులో పుట్టిన పిల్లోళ్లకు ఈ ఆట ఎవరు నేర్పాలి? రాష్ట్రం మారేచోట లారీలు బారులు తీరడం, క్లీనరు కాగితాలు పట్టుకొని పరుగెత్తడం రోజూ చూసేదే. జీఎస్టీ వచ్చిన 2017 నాటికి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులకు కాలం చెల్లింది. ఆటలోని చెక్‌పోస్టు అంతకు ముందే మాయమైంది.

మట్టిబండి కాలం నుంచీ..

పిల్లోళ్లకు బండి మీద మోజు ఈనాటిది కాదు. హరప్పా తవ్వకాల్లో మట్టితో చేసిన బుల్లి బండ్లు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లు దాటినా వాటి చక్రాలు గుర్తుపట్టేలా ఉన్నాయి. సంస్కృతంలో శూద్రకుడు రాసిన మృచ్ఛకటికం పేరుకు అర్థమే మట్టిబండి. చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లాడి బంగారు బండి చూసి అలాంటిదే కావాలని ఏడుస్తాడు. చేతిలో ఉన్నది మట్టిబండి. వసంతసేన మనసు కరిగి తన నగలన్నీ ఒలిచి ఆ బండిలో పోస్తుంది. ఆ నగలే తర్వాత న్యాయసభలో చారుదత్తుడి మెడకు చుట్టుకుంటాయి. నాటకం ఎంత పెద్దదైనా పేరు మాత్రం ఆ పిల్లోడి బండిదే.

ఇంగ్లండులో 1950ల మొదట్లో జాక్ ఓడెల్ అనే ఆయన కూతురి బడిలో ఓ నియమం ఉండేదట. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తెచ్చుకోవాలని. ఆయన చిన్న రోడ్డు రోలరు చేసి అగ్గిపెట్టెలో పెట్టిచ్చాడు. అక్కడి నుంచే మ్యాచ్‌బాక్స్ కార్లు పుట్టి ప్రపంచమంతా పాకాయి. మనకు అగ్గిపెట్టెలో బండి పెట్టడం తెలియదు గానీ, అగ్గిపెట్టెనే బండి చేయడం తెలుసు.

అక్కడ స్కాలర్‌షిప్.. ఇక్కడ మొట్టికాయ

ఇదే పనిని అమెరికాలో ఒక కార్ల కంపెనీ చదువుగా గుర్తించింది. జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930లో కుర్రాళ్లకు నమూనాలు చేసే పోటీ మొదలుపెట్టింది. తొలుత నెపోలియన్ కాలపు గుర్రబ్బగ్గీ నమూనా చేయాలి. 1937 నుంచి కార్ల నమూనాలూ చేర్చారు. పన్నెండో వంతు కొలతలో, సొంత ఊహతో కారు గీసి, చెక్కో మరొకటో చెక్కి, రంగు వేసి పంపాలి. గెలిచినవారికి కాలేజీ చదువుకు వేల డాలర్ల స్కాలర్‌షిప్పు. 1968 దాకా సాగిన ఆ పోటీల నుంచి ఎంతోమంది కార్ల డిజైనర్లు తయారయ్యారు. 1947లో గెలిచిన చక్ జోర్డన్ అనే కుర్రాడు అదే జనరల్ మోటార్స్‌లో చేరి, చివరికి డిజైన్ విభాగానికి ఉపాధ్యక్షుడయ్యాడు.

పావగడ పిల్లోడికి దక్కిందేమిటి? "బండ్లు కట్టుకుంటా కూసుంటే కూడు పెడతాదా?" అని నాయన మొట్టికాయ. అందులో నాయన తప్పేమీ లేదు. వానలు మొహం చాటేసే నేలలో చదువొక్కటే దారి అనుకున్న ఇళ్లవి. చదువంటే పుస్తకమే అని అందరూ నమ్మారు. చేతిలో పనితనం ఉన్న పిల్లోడు లారీ క్లీనరుగానో, బెంగళూరులో మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగ్ అంగట్లోనో తేలితే "వాడికి చదువు అబ్బలేదు" అన్నారే తప్ప, వాడికి అబ్బినది ఏమిటో చూసినవారు తక్కువ.

చూసినవారు బొత్తిగా లేకపోలేదు. హైదరాబాద్‌లో కె.సుధాకర్ బడికి పోయే రోజుల నుంచే పాత ఇనుము పోగేసి బండ్లు కట్టారు. పెద్దయ్యాక వంకాయ, క్రికెట్ బంతి, బూటు ఆకారాల్లో నిజంగా నడిచే కార్లు తయారుచేశారు. 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలుతో 2005లో గిన్నిస్ రికార్డు కొట్టారు. బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం ఆయనదే. ఆయన బండ్లు చూసి నవ్వుకునేవాళ్లు ఉండొచ్చు. కానీ చిన్నప్పటి బండిని వదలకుండా పట్టుకున్న తెలుగువాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు అది.

లారీలు తయారుచేసే టెల్కోలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లెబడులకు వెళ్లారు. అక్కడ సైకిలు వాల్వుట్యూబు, అగ్గిపుల్లలతో నమూనాలు కట్టించి లెక్కలు, సైన్సు నేర్పడం మొదలుపెట్టారు. పెద్ద లారీల కంపెనీ నుంచి వచ్చి చెత్తలోంచి బొమ్మలు తీసిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో పనిచేసిన సుదర్శన్ ఖన్నా ఊరూరా పిల్లలు, చేతివృత్తులవారు చేసే బొమ్మలను సేకరించి, బొమ్మలు గీసి, వాటి వెనక సైన్సు వివరిస్తూ 1983లో పుస్తకమే తెచ్చారు. జొన్నదంటు పని కూడా అలాంటి లెక్కలోదే. దాన్ని గీసిపెట్టుకునేవారు మన పక్క కావాలి.

పక్కనే కార్ల ఫ్యాక్టరీ

విచిత్రం ఏమిటంటే, దంటుతో కారు కట్టలేక తంటాలు పడిన ఈ నేల పక్కనే ఇప్పుడు అసలు కార్లు పుడుతున్నాయి. సరిహద్దు దాటితే శ్రీసత్యసాయి జిల్లా, పెనుకొండ మండలం ఎర్రమంచి. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, 536 ఎకరాల్లో కియా ఫ్యాక్టరీ వెలిసింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే సామర్థ్యంతో కట్టారు.

ఏ కంపెనీ కారైనా మొదట నమూనాగానే పుడుతుంది. మట్టి లాంటి మెత్తటి ముద్దతో చిన్న కొలతలో ఒకటి, తర్వాత అసలు కొలతలో ఒకటి చేసి, చేత్తో గీకుతూ వంపులు సరిచేస్తారు. 1927లో జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి పెద్దగా వచ్చిన హార్లీ ఎర్ల్ ఈ పద్ధతికి ఊపు తెచ్చాడు. కంప్యూటర్లు వచ్చిన తర్వాత కూడా డిజైన్ స్టూడియోల్లో మట్టి పని పూర్తిగా పోలేదు. వెలుగు వంపు మీద ఎలా జారుతుందో తెర మీద కంటే చేతి కింద బాగా తెలుస్తుందన్నది వాళ్ల నమ్మకం. ఆ పని చేసేవారికి పెద్ద జీతాలు. కిత్తలి బొంగులోంచి అంబాసిడర్ వంపు తీసిన పిల్లోడికి ఇలాంటి ఉద్యోగం ఒకటుందని చెప్పినవాళ్లే లేరు.

దంటు ఏది?

ఇంతకూ బండ్లు ఎందుకు ఆగిపోయాయి? ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి, టీవీ వచ్చింది, సెల్‌ఫోను వచ్చింది అని ఠక్కున చెప్పేస్తారు. అది సగమే నిజం. అసలు ముడిసరుకే పోయింది. జొన్న, రాగి, కొర్ర వేసే చేలల్లోకి శెనక్కాయ వచ్చి కూర్చుంది. డబ్బు పంట కాబట్టి రైతు అటు మొగ్గాడు. శెనగచెట్టు వామిలో వెయ్యిసార్లు వెతికినా ఒక్క దంటు దొరకదు. లారీలోకి ఎత్తే మూటల పంటే లారీ కట్టే దంటును మింగేసింది!

ఆ తర్వాత సోలార్. నాగలమడికె హోబళిలో వల్లూరు, తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు.. ఈ ఐదు ఊళ్లలో సుమారు 13 వేల ఎకరాల్లో పార్కు కట్టారు. 2018 మార్చి 1న ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్య ప్రారంభించారు. 2019 డిసెంబరుకు 2,050 మెగావాట్లు పూర్తయింది. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం. వాన కోసం ఆకాశం చూసి చూసి విసిగిన రైతుకు నికరమైన రాబడి. దాన్ని కాదనలేం. పొలం లేని కూలీకి మాత్రం కలుపు పని, కోత పని పోయింది. కంచె పడ్డాక గొర్రెలకు, ఎనుములకు మేత దూరమైంది. ఎనుము లేనింట్లో చొప్పవామి ఎందుకుంటుంది? వామి లేని ఇంట్లో దంటు ఎక్కడిది?

అంతకాలం పిల్లోళ్లు ఆడుకున్న బండిదారులు కొన్ని ఇప్పుడు కంచె లోపలున్నాయి.

బడుల సంగతికి వస్తే, 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలని రాసింది. కాగితం మీద మంచి మాటే. సరిహద్దుకు ఇటైనా అటైనా ఆ పది రోజుల్లో ఒక్క రోజు ఊళ్లోని ఓ పెద్దాయనను పిలిచి "జొన్నదంటు బండి కట్టి చూపించు మామా" అని అడిగితే ఖర్చు ఏమీ ఉండదు. ఆయన వేళ్లకు ఆ పని ఇంకా గుర్తుంది. ఇంకో ఇరవై ఏళ్లకు ఆ వేళ్లు ఉండవు.

ఒక్కటీ దాచలేదు

మట్టిబండి నాలుగు వేల ఏళ్లు నిలిచింది. జొన్నదంటు బండి నాలుగు నెలలు నిలవదు. బెండును పురుగు తొలుస్తుంది. వానకు తడిస్తే మెత్తబడి జారిపోతుంది. దాచుకోవాలన్న ఆలోచనా అప్పట్లో లేదు. పాతది విరిగితే ఎనుము ముందర పడేసి, ఇంకోటి కట్టడమే. ఫొటో తీసుకునే స్తోమత ఎవరికుంది? అందుకే ఆ తరం పిల్లలకు, మనవళ్లకు చూపించడానికి చేతిలో ఏమీ లేదు. "జానెడున్నర ఉండేది" అని గాల్లో చేతులు చాచి చూపించడమే మిగిలింది. మనవడు ఆ చేతుల మధ్య ఖాళీని చూసి, తాళంచెవి తిప్పితే పరుగెత్తే తన ప్లాస్టిక్ కారు వంక చూసుకుంటాడు. అది ఆగిపోతే విప్పడానికి దానికి మర కూడా ఉండదు.

అయినా సరే, మళ్లీ ఒక్కసారి కట్టి చూపించాలని ఎవరికైనా మనసైతే, సామాన్లు కూడబెట్టుకోవడం పెద్ద పనేమీ కాదు. జొన్న కోసిన చోట చొప్పకట్ట ఒకటి అడిగి తెచ్చుకోవాలి. దంట్లు బాగా ఎండినవై ఉండాలి, పచ్చివైతే ఈనె చీలిపోతుంది. గొడుగు కడ్డీ, సగం బ్లేడు, పిడికెడు తుమ్మముళ్లు. చెప్పులకైతే ఇప్పుడు కొదవే లేదు. ఆరు చక్రాలకు జత చాలు.